పరదేశంలో పంతులు, పాఠానికి సాక్ష్యం

తెలుగువానికి 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటివానిని కలుపుకొన్నది 'మనము', విడిచినది 'మేము'. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే మాట. అందుచేత అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఇంటికి వచ్చిన అతిథితో "రేపు మనం గుడికి వెళ్తున్నాం" అంటే, ఆ పెద్దమనిషి తననూ పిలిచినారనుకొంటాడు. తప్పు పిల్లవానిది కాదు. ఆ భేదం అతనికి తెలియజెప్పినవారు లేరు.

అక్కడ శని, ఆదివారాలలో ఇటువంటి భేదాలు నేర్పేవారిలో చాలామంది వృత్తిచేత ఉపాధ్యాయులు కారు. 2007లో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడి వంటివి స్వచ్ఛంద సేవకుల మీదనే నడుస్తున్నవి. వారికి జీతం లేకపోవడం కంటె పెద్ద కొరత ఒకటున్నది: చేసిన పనికి జాడ మిగలదు. గురువు వేరొక ఊరికి తరలిపోతే, కష్టపడి తెలుసుకొన్నదంతా ఆయనతోనే పోతుంది. తరువాత వచ్చినవారు మళ్ళీ మొదటినుంచీ తడుముకోవలసినదే.

దీనికి మందు పోర్ట్‌ఫోలియో అని పిలిచే బోధనా సంపుటి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఉన్న ఐరోపా ఆధునిక భాషల కేంద్రం, శిక్షణలో ఉన్న భాషోపాధ్యాయులకై 2007లో ఒక నమూనాను ప్రచురించినది. అందులో ముఖ్యభాగాలు మూడు: ఉపాధ్యాయుడు తన్ను గురించి తాను చెప్పుకొనే మాట, తాను ఏమేమి చేయగలడో 195 వాక్యాల సాయంతో చేసికొనే ఆత్మపరీక్ష, వాటికి రుజువులు చేర్చే దస్త్రం.

వారాంతపు గురువుకు అంత పట్టిక అక్కరలేదు. 'మేము, మనము' పాఠమే తీసికొందాం. ఉద్దేశించినదేమో ఒక పుట. పాఠానికి ముందు పిల్లలు వ్రాసిన వాక్యాలు, నెల గడిచిన తరువాత వ్రాసినవి పక్కపక్కన. ఏ ఆట ఫలించినది, ఏది ఫలించలేదు, ఎందువల్ల అన్నది మరొక పుట. తరగతిలో వెనుక కూర్చుండి చూచిన తోటి ఉపాధ్యాయుని అభిప్రాయం నాలుగు వాక్యాలలో. తలిదండ్రుల అనుమతి పొందాలి. పిల్లల పేర్లు తీసివేయాలి.

ప్రశంసాపత్రాలు, ఫొటోలు మాత్రమే ఉన్నది ఆల్బం అవుతుంది గాని సంపుటి కాదు. తప్పిన పాఠాన్ని దాచిన గురువు, తాను పడిన గోతిలోనే తరువాతివారిని కూడా పడనిస్తాడు. రేపు ఉద్యోగం కోరి వెళ్ళినప్పుడు సైతం, తప్పును గుర్తించి దిద్దుకొన్న ఆ పుటయే ఆయన పక్షాన గట్టిగా మాట్లాడుతుంది.

పాఠ్యప్రణాళికలు వ్రాసే మన ఉపాధ్యాయులకు ఇందులో సగం తెలిసినదే. ప్రణాళిక, పాఠానికి ముందు వ్రాసేది. పాఠం అయిన తరువాత వ్రాసేదే తక్కిన సగం. 'నేర్పినాను' అనడానికి గురువు మాట చాలును. 'నేర్చినారు' అనడానికి పిల్లల వ్రాతయే సాక్ష్యం.