ఎరువు తెచ్చుకొన్న పాట

ఎరువు సొమ్ము బరువు చేటని తెలుగు సామెత. పెండ్లికి పొరుగింటి కాసులపేరు తెచ్చుకొన్న ఇల్లాలికి దానిని తిరిగి ఇచ్చువరకు కంటికి కునుకు రాదు. గ్రామఫోను రికార్డును ఎరువు తెచ్చుకొన్న రసికుని స్థితియు ఇంచుమించు అట్టిదే. నగ క్రింద పడినచో సొట్టపడును, కంసాలి సరిచేయును. లక్కతోను రాతిపొడితోను చేసిన ఆనాటి రికార్డు క్రింద పడినచో పగులును. దానిని అతుకగల కంసాలి లేడు. అయినను ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున తెలుగు పట్టణములలో ఈ పెళుసు వస్తువు తుండుగుడ్డలో చుట్టబడి ఒక ఇంటినుండి మరియొక ఇంటికి తిరుగుచునే యుండెను. మన సంగీతాభిరుచిని తీర్చుటలో సభలు చేసిన మేలును, రేడియో చేసిన మేలును కొనియాడినవారు పెక్కుమంది కలరు. ఈ చేతిమార్పు చేసిన మేలు మాత్రము తగినంతగా ఎవరికిని పట్టలేదు.

సభకు పోయి వినువాడు వేరు, ఇంట కూర్చుండి వినువాడు వేరు. సభలో గాయకుడు పాడినది ఒకసారియే చెవిని పడును. తరువాత మిగులునది జ్ఞాపకము. ఇంటి శ్రోతకు అట్లు కాదు. పది అంగుళముల రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు పైచిలుకు మాత్రమే మ్రోగును గాని, ఆ మూడు నిమిషములను ముప్పదిసార్లు వినవచ్చును. ముప్పదిసార్లు విన్న పిమ్మట ఒకడు "ఇది వినదగినది" అని చెప్పినచో, ఆ మాటకు పత్రికా విమర్శకుని తీర్పునకు లేని బరువు కలదు. ఏలయన విమర్శకుడు అభిప్రాయమునే ఇచ్చును. ఇతడు తన వస్తువునే పొరుగువాని చేతిలో పెట్టుచున్నాడు.

ఇతరుల కొరకు ఒక పాటను ఎత్తి చూపు మాట రికార్డుతో పాటే పుట్టినదని చెప్పవచ్చును. 1902లో గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశపు గాయనీ గాయకుల గళములను ముద్రించుట కారంభించెను. నాడు పాడిన ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించుకొనెడిది. మైనపు ముద్రలు జర్మనీలోని హానోవర్ నగరమునకు పోవలెను. అచట రికార్డులు తయారు చేయు పనివారికి ఏ పాట ఎవరిదో తెలియవలెను గదా! వ్యాపారావసరమునకై పుట్టిన ఆ ప్రకటన శ్రోతల చెవికి మరొక విధముగా సోకినది. ఆ చివరి కేక కొరకే ఆ రికార్డులను మరల మరల వేయించుకొన్నవారు కలరు.

మన ఇండ్లలో ఈ ఇచ్చిపుచ్చుకొనుట ఎట్లు సాగెడిదో తెలియవలెనన్న, ముందుగా ముల్లు సంగతి తెలియవలెను. గ్రామఫోనునకు వాడు ఉక్కుముల్లు ఒక ప్రక్క పాడగనే మొన అరిగిపోవును. ప్రతి ప్రక్కకును క్రొత్త ముల్లు మార్చవలెను. చిన్న రేకుడబ్బీలో అమ్మెడి ఆ ముండ్లకు డబ్బు ఖర్చని జంకి, ఒకే ముల్లును పదిసార్లు వాడు లోభులు ప్రతి ఊరను ఉండిరి. మొనపోయిన ముల్లు రికార్డు గాడిని గీకి, స్వరమును పొట్టువలె రాల్చివేయును. తిరిగి వచ్చిన రికార్డు చూపునకు నిండుగనే యుండును. వేసి వినినచో గాయకుడు వానలో నిలిచి పాడుచున్నట్లుండును. పుస్తకము పరహస్తగతమైన పోయినట్లేయని పూర్వులు చెప్పిరి. రికార్డు విషయమున పోవుటకంటె ఇట్లు అరిగి తిరిగివచ్చుటయే ఎక్కువ బాధ.

కావున తెలివిగల సొంతదారు రికార్డును పంపెడివాడు కాడు. తానే తీసికొని వచ్చెడివాడు. జేబులో ముండ్ల డబ్బీ కూడ ఉండెడిది. "పంతులుగారూ, ముల్లు మార్చినారా?" అని ప్లీడరుగారు అడుగుట, "తమరు తెచ్చినదే పెట్టుదమండీ" అని పంతులుగారు నవ్వుట, ఇది ఆనాటి సాయంకాలపు సంభాషణ. పరస్పరము అపనమ్మకమే కారణముగా ఇరువురును కలిసి కూర్చుండి వినవలసి వచ్చినది. ఆ అపనమ్మకమునకు రసికలోకము ఎంతయో ఋణపడియున్నది!

కలిసి కూర్చుండిన పిమ్మట సంగీతముతో పాటు మాటయు నడచెడిది. పెట్టెకు కీ ఇచ్చుట ఒక పని. స్ప్రింగు బిగువు తగ్గినకొలది వేగము తగ్గి శ్రుతి దిగజారును. తొలినాటి రికార్డులన్నియు సరిగా నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసినవి కావు. కొన్ని కొంచెము నెమ్మదిగా, కొన్ని కొంచెము వడిగా తిరుగవలెను. ఎక్కువ వేగమున త్రిప్పినచో ప్రౌఢ గాయని బాలికవలె వినిపించును. ఏ వేగము సరియైనదని గంటలకొలది వాదులాడుకొన్న శ్రోతలకు శ్రుతిజ్ఞానము ఏ గురువును చెప్పనక్కరలేకయే అబ్బినది.

ఇక గాడిలోని స్థానమును చూపుట మరొక విద్య. అరగంట విస్తరింపదగిన రాగమును మూడు నిమిషములలో కుదింపవలసి వచ్చినప్పుడు విద్వాంసుడు దేనిని విడుచును, దేనిని ఉంచుకొనును? ఈ ప్రశ్నకు ద్వారం వేంకటస్వామినాయుడు గారి వయొలిన్ రికార్డులు చక్కని సమాధానములు. విజయనగర సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారి తరువాత 1936లో అధ్యక్షులైన నాయుడుగారు ఆ స్వల్పకాలములో తొందరపడరు. ఉన్న కాలమంతయు తమదే యన్నట్లు ఒక్క స్వరముపై నిలుతురు. అట్టి రికార్డును వినిపించువాడు ఊరకుండడు. తిరుగుచున్న పళ్ళెముపై వ్రేలు ఆనీ ఆనకుండ చూపి, "ఇదిగో, ఇక్కడికి వచ్చువరకు మాటాడకుడు" అనును. నిమిషముల లెక్క తెలుపు గడియారము పెట్టెకు లేదు. గాడి యొక్క అంగుళములే కాలమానము.

ఆంధ్రదేశమున శాస్త్రీయ సంగీతముకంటె ముందు ఇండ్లలో వ్యాపించినది నాటక పద్యము. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు మొదలగువారి గానము రికార్డులకెక్కిన తరువాత, రాత్రి తెల్లవార్లు నాటకము చూడ వీలులేని ఇల్లాండ్రును వృద్ధులును రంగస్థలమును చెవులతో చూడగలిగిరి. పిమ్మట ఘంటసాల వేంకటేశ్వరరావు గారు జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి "పుష్పవిలాపము"ను పాడిన రికార్డు వచ్చినది. ఆ పద్యములను పుస్తకమున చదివినవారికంటె విని కంఠస్థము చేసినవారే ఎక్కువయని చెప్పుట సాహసము కాదు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి గార్ల లలితగీతములు 1940ల ప్రాంతమున రికార్డులుగా వచ్చి పడుచువారి మనసులను దోచుకొన్నవి. స్నేహితురాలి ఇంటినుండి ఒక్కపూట ఎరువుగా వచ్చిన రికార్డును సాయంకాలమునకు ఇచ్చివేయవలెను. ఈలోపల పాట రావలెను. ఒక చరణము విని ముల్లు ఎత్తుట, నోటుపుస్తకమున వ్రాసికొనుట, మరల ముల్లు దింపుట. దింపినప్పుడెల్ల గాడికి ఒక గీత. అట్లు గీతలు పడిన రికార్డులు నాటి సేకరణలలో ఎన్నియో కలవు. సొంతదారులు వానిని చూచి నొచ్చుకొనిరి గాని, ఆ గీత ప్రతియొక్కటియు ఒక పిల్ల పాట నేర్చుకొన్న గుర్తేయని భావింపరాదా? ఆ నోటుపుస్తకములు చాల ఇండ్లలో రికార్డులకంటె ఎక్కువ కాలము బ్రతికినవి.

1948లో అమెరికాలో దీర్ఘకాలము మ్రోగు రికార్డు వెలసినది. నిమిషమునకు ముప్పదిమూడున్నొక మూడవవంతు చుట్లు, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా సంగీతము. మన రాగమునకు తగిన చోటు ఇందులోనే దొరికినది. 1955లో అలీ అక్బర్ ఖాన్ సరోద్ వాదనము ఇట్టి రికార్డుగా అమెరికాలో ముద్రితమైనది. పాశ్చాత్య శ్రోతలకు దానిని పరిచయము చేయుచు వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ పలికిన మాటలు ఆ రికార్డులోనే కలవు. ఈ మెనూహిన్ 1952లో మద్రాసున ద్వారం వారి వాద్యమును విని ముగ్ధుడైనది సభామందిరమున కాదు. న్యాయమూర్తి రాజమన్నారు గారి ఇంట. ఇంట విన్నవాడే లోకమునకు వినిపింప పూనుకొనెను.

1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతము వెలువడినప్పుడు దానిని వినుమని ఒకరికొకరు చెప్పవలసిన పనియే లేకపోయెను. దేవాలయపు మైకులు ఆ భారము వహించినవి. ఘంటసాల గారి భగవద్గీత కథ వేరు. అది 1974లో ఆయన కన్నుమూసిన పిమ్మట వెలువడినది. తొలుత దానిని ఆప్తులు ఆప్తులకు బహుమానముగా ఇచ్చుకొనిరి. క్రమముగా మరణము సంభవించిన ఇండ్ల ముందు దానిని మైకులో వేయు ఆచారము ఏర్పడెను. నేడు తెల్లవారి ఆ కంఠము వినిపించినచో "ఎవరు పోయినారు?" అని వీధివారు తలుపులు తీసి చూతురు. ఎంత అన్యాయము! ఒక గొప్ప గాయకుని చివరి కృషి చావుకబురుగా మారినది. కొందరు పట్టుదల గల శ్రోతలు మాత్రము ఇప్పటికిని మిత్రులను ఇంట కూర్చుండబెట్టి దానిని వినిపింతురు. పద్యగానమున ఆరితేరిన ఆయన శ్లోకమున సాగతీత మాని, అర్థము వెంట ఎట్లు నడచెనో చూపుదురు. అపప్రథను పోగొట్టుట సులభము కాదు; బామ్మగారు వంటింటినుండి "శుభమా అని ఇంట అదేమి పాటరా!" అని కేకవేయకమానరు.

ఇంతవరకు చెప్పినది కంపెనీలు ముద్రించిన సంగీతము. ముద్రింపని దాని మాటయేమి? వోలేటి వేంకటేశ్వర్లు (1928–1989), శ్రీరంగం గోపాలరత్నము (1939–1993) గార్లు విజయవాడ ఆకాశవాణి ద్వారా తెలుగు శ్రోతలకు ప్రాణప్రదమైనవారు. వారి ప్రతిభతో పోల్చినచో అంగడికి వచ్చిన రికార్డులు బహుస్వల్పము. కర్ణాటక హిందుస్థానీ పద్ధతులు రెండును ఎరిగిన వోలేటి వారి ఆలాపన నేడు వినబడుచున్నదన్న, అందుకు కారకులలో రేడియో ముందు టేపురికార్డరు పెట్టుకొని కూర్చున్న గృహస్థులు ముఖ్యులు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును కనిపెట్టిన తరువాత, ముఖ్యముగా గల్ఫు దేశములకు పోయినవారు టేపురికార్డర్లు తెచ్చుట కారంభించిన తరువాత, ఈ పని సామాన్యులకును అందుబాటులోనికి వచ్చెను. రికార్డును ఇచ్చినవాడు దానిని కొంతకాలము కోల్పోవును. క్యాసెట్టును నకలు చేసి ఇచ్చినవానికి ఏమియు తరుగదు. తరిగినది మరొకటి. నకలుకు నకలు తీసినకొలది బుసబుస హెచ్చి గానము వెనుకకు పోవును. అట్టపై వ్రాతయు అట్లే మాసిపోవును. మొదటివాడు రాగము, తాళము, ప్రక్కవాద్యముల పేర్లు, ప్రసారమైన తేదీ వ్రాసికొనును. రెండవవాడు రాగము మాత్రమే వ్రాయును. మూడవవాని అట్టపై "వోలేటి – బాగున్నది" అని యుండును. నాలుగవవాడు పేరు తప్పుగా వ్రాయును. అచటినుండి ఒకరి పాట మరొకరిదిగా లోకమున చెల్లును.

ఈ పొరపాటును దిద్దగలవారు ఆ మొదటివారే. వారు పోయిన పిమ్మట ధ్వని మిగిలినను సాక్ష్యము మిగులదు. వేలకొలది గ్రామఫోను రికార్డులను కూర్చిన వి.ఎ.కె. రంగారావు గారు సేకరణతో తృప్తిపడక, "ఆలాపన" శీర్షిక ద్వారా పాటల వెనుకటి సంగతులను పత్రికాపాఠకులకు పంచిపెట్టుట ఇందువలననే విశేషమైనది. 1990లో బొంబాయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘమువారును కూడి వినుట, విన్నదానిని గూర్చి వ్రాయుట రెండును జోడెద్దులవలె నడపిరి. బీరువాలో పెట్టి తాళము వేసిన లోభుల రికార్డులు అరుగలేదు, నిజమే. కాని వాని సంగతి ఇరుగుపొరుగునకు తెలియదు, కొన్నిచోట్ల సొంత బిడ్డలకును తెలియదు.

ఇప్పుడు అరచేతిలోని ఫోనులో లక్షలకొలది పాటలు. ఏది వినవలెనో యంత్రమే సూచించును. ఆ సూచనలో తప్పులేదు; ఒక్కొక్కసారి ఆశ్చర్యకరముగా సరిపోవును కూడ. కాని అది ముల్లు మార్చినారా యని అడుగదు, ఇక్కడ మాటాడకుడని వ్రేలు చూపదు. మిత్రుడు పంపిన పాటను సగము విని "విన్నాను, బాగున్నది" అని బదులిచ్చినను పట్టుకొనువాడు లేడు. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ అబద్ధము చెల్లెడిది కాదు.

పెద్దవారు పోయిన ఇండ్లలో అటకలు ఖాళీ చేయునప్పుడు రికార్డులు బయటపడుచున్నవి. కాగితపు సంచులపై అమ్మిన దుకాణము ముద్ర, కొన్నవాని పొడి అక్షరములు, ఎరువు తీసికొన్నవారి పేర్లు, తిరిగి వచ్చినదని కొట్టివేసిన గీతలు కానవచ్చును. ఒక్కొక్కదానిపై "రెండవ ప్రక్క ముందు వినవలెను" అని పెన్సిలుతో వ్రాసియుండును. పాత సామానులు కొనువాడు రికార్డులను గంపకెత్తి, కాగితములను వేరుగా తూచును.