సంచిలోని ద్రవం, మీటరులోని అంకె

చక్కెర వ్యాధి వల్ల మూత్రపిండాలు దెబ్బతిని, ఇంటి దగ్గరే పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవారు రక్తంలో చక్కెరను ఎలా చూసుకోవాలో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

దీన్ని పెరిటోనియల్ డయాలిసిస్ అంటారు. మన పొట్ట లోపల పేగులను కప్పుతూ పలుచని పొర ఒకటి ఉంటుంది. పొట్టలో అమర్చిన సన్నని గొట్టం ద్వారా అక్కడికి ద్రవం ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, తీసేస్తారు. రక్తంలోని మలినాలూ, ఎక్కువైన నీరూ ఆ ద్రవంలోకి దిగి బయటికి వచ్చేస్తాయి. నీటిని లాగడం కోసం ద్రవంలో సాధారణంగా గ్లూకోజు కలుపుతారు.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 1.5 శాతం ద్రవం ఉన్న రెండు లీటర్ల సంచిలో సుమారు 30 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. 4.25 శాతమైతే 85 గ్రాములు. అందులో చాలా భాగం రక్తంలో కలుస్తుంది. అందుకే నోట తీపి ముట్టకపోయినా చక్కెర పెరుగుతుంది. అలాగని ఇన్సులిన్ మోతాదు సొంతంగా పెంచకూడదు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. కనుక వేలు గుచ్చి మీటరులో చూసుకోవడం తప్పనిసరి.

అయితే ఆ మీటరే తప్పు చెబితే?

కొందరికి గ్లూకోజుకు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం కలిపిన ద్రవం ఇస్తారు. ఇది ఒంట్లో విడిపోయి మాల్టోజు అనే మరో చక్కెరగా మారుతుంది. జి.డి.హెచ్.-పి.క్యు.క్యు. అనే ఎంజైముతో పనిచేసే స్ట్రిప్పులు మాల్టోజును కూడా గ్లూకోజు కిందే లెక్కకడతాయి. నిజానికి చక్కెర 60 ఉన్నా, మీటరు 160 చూపవచ్చు. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణానికే ముప్పు. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ రకం స్ట్రిప్పులపై హెచ్చరిక చేసింది. 1997 నుంచి దానికి అందిన 13 మరణాల నివేదికల్లో 10 ఐకోడెక్స్‌ట్రిన్ వాడినవారివే. ఈ ద్రవం మానేశాక కూడా సుమారు రెండు వారాలు ఈ ప్రమాదం ఉంటుంది.

మరి ఏం చేయాలి? ముందు మీ సంచి మీద ద్రవం పేరు చదవండి. ఐకోడెక్స్‌ట్రిన్ అని ఉంటే, మీ మీటరూ స్ట్రిప్పులూ తీసుకెళ్ళి డయాలిసిస్ డాక్టరుకు చూపించండి. మాల్టోజుతో తేడా రాని స్ట్రిప్పులు దొరుకుతాయి. మందుల షాపులో వేరే రకం ఇస్తే అడగకుండా మార్చవద్దు.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే, మీటరు అంకె బాగున్నా చక్కెర పడిపోయిందనే అనుమానించండి. స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార కొద్ది నీటిలో కలిపి ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ల్యాబులో రక్తపరీక్ష చేయించండి. కొబ్బరినీళ్ళు, నారింజ రసం ఇవ్వకండి. వాటిలోని పొటాషియం మూత్రపిండాల రోగికి చేటు. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి.

సరిహద్దు జిల్లాలవారికి మరొక మాట. ఇంట్లో మనం తెలుగే మాట్లాడినా, అర్ధరాత్రి ఆసుపత్రిలో ఎదురయ్యే నర్సుకు తెలుగు రాకపోవచ్చు. రోగి ఆ సమయంలో మాట్లాడలేకనూ పోవచ్చు. అందుచేత ఒక చీటీ రాసి రోగి జేబులో ఉంచండి. "పొట్ట ద్వారా డయాలిసిస్. ఐకోడెక్స్‌ట్రిన్ వాడుతున్నారు. చక్కెర ల్యాబులోనే చూడండి." ఈ మూడు ముక్కలు బళ్ళారిలో కన్నడంలో, హోసూరులో తమిళంలో, బరంపురంలో ఒడియాలో, వాటి కిందే ఇంగ్లీషులో ఉండాలి. మీకు రాయడం రాకపోతే, బడికి వెళ్ళే మీ పిల్లల చేత రాయించి డాక్టరుకు ఒకసారి చూపించండి.