ఏడు రోజుల పువ్వు, నూరేళ్ళ చెట్టు

జపాను దేశాన్ని పటంలో చూస్తే వంచిన విల్లులాగా కనిపిస్తుంది. ఆ విల్లుకు ఒక కొన దక్షిణాన వెచ్చని సముద్రంలో ఉన్నది. రెండో కొన ఉత్తరాన, చలికాలంలో మంచుగడ్డలు తేలే సముద్రం దాకా పోతుంది. అందుచేత ఆ దేశంలో వసంతం అన్ని చోట్లకూ ఒకేసారి రాదు. దక్షిణాన ఒకినావా దీవులలో చెర్రీ చెట్లు జనవరిలోనే పూస్తాయి. టోకియో నగరంలో మార్చి నెలాఖరుకు పూస్తాయి. ఉత్తరపు కొసన ఉన్న హొక్కయిదో దీవిలో చాలా చోట్ల మే నెల దాకా ఆగాలి. వసంతం కాలినడకన దక్షిణం నుంచి ఉత్తరానికి పోతున్నదా అనిపిస్తుంది.

ఈ నడకను జపాను వాళ్ళు ఎంతో శ్రద్ధగా కనిపెట్టి ఉంటారు. వాతావరణ శాఖ వారు ముఖ్యమైన ఊళ్ళలో ఒక్కొక్క చెట్టును గుర్తు పెట్టుకుంటారు. ఆ చెట్టు మీద అయిదారు పువ్వులు విచ్చుకోగానే ఆ ఊళ్ళో పూత మొదలయిందని ప్రకటిస్తారు. నూటికి ఎనభై మొగ్గలు విచ్చితే నిండు పూత వచ్చినట్టు లెక్క.

చెర్రీ పువ్వును జపాను భాషలో "సకురా" అంటారు. ఈ పువ్వులు చూడబోవటానికి "హనమి" అని పేరు. "హన" అంటే పువ్వు, "మి" అంటే చూడటం. మనం తినే ఎర్రని చెర్రీ పళ్ళు ఈ చెట్లకు కాయవు. వీటిని పెంచేది పువ్వుల కోసమే.

ఇప్పుడు మనం ఉత్తర జపానులో ఉన్న హిరొసాకి అనే పట్నానికి పోదాం. ఇది అవోమొరి జిల్లాలో ఉన్నది. చలికాలంలో ఇక్కడ మంచు విపరీతంగా కురుస్తుంది. కొన్నేళ్ళు మనిషి నడుము దాటి పేరుకుంటుంది. నెలల తరబడి ఎటు చూసినా తెలుపే. అలాంటి ఊరి వాళ్ళకు వసంతం మీద ఎంత ఆశ ఉంటుందో చెప్పనవసరం లేదు.

ఊరి నడుమ పాత కోట ఒకటి ఉన్నది. త్సుగారు వంశపు ప్రభువులు దీన్ని 1611లో కట్టారు. అప్పట్లో కోటలో అయిదంతస్తుల బురుజు ఉండేది. 1627లో పిడుగు పడి అది కాలిపోయింది. ఇప్పుడున్న మూడంతస్తుల బురుజును 1810లో కట్టారు. ఈ బురుజుకు ఒక వింత అనుభవం కలిగింది. దాని కింది రాతి గోడ ఉబ్బి, కూలిపోయే ప్రమాదం వచ్చింది. గోడను విప్పి కట్టాలంటే పైన బురుజు ఉండరాదు. అందుకని 2015లో సుమారు నాలుగు వందల టన్నుల బరువున్న బురుజును విప్పకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే పైకెత్తి, పట్టాల మీద డెబ్భయి మీటర్ల దూరం జరిపారు!

ఈ కోట చుట్టూ ఉన్నదే హిరొసాకి పార్కు. ఇందులో దాదాపు 2,600 చెర్రీ చెట్లున్నాయి. వాటిలో యాభై రకాలకు పైగా ఉన్నాయి. కోట చుట్టూ అగడ్తలు, అగడ్తల గట్ల మీద చెట్లు, నీటి మీదికి వంగిన కొమ్మలు, దూరాన ఇంకా మంచు కప్పుకుని ఉన్న ఇవాకి పర్వతం. పూత కాలంలో ఇదంతా కళ్ళపండువుగా ఉంటుంది.

పూత రాగానే ఊరు ఊరంతా పార్కుకు కదులుతుంది. ఇంటికి ఒకరు పొద్దున్నే వచ్చి, మంచి చెట్టు చూసుకుని, దాని కింద చాప పరిచి చోటు పట్టుకుంటారు. మిగిలిన వాళ్ళు సద్ది పెట్టెలతో తరువాత వస్తారు. అందరూ చెప్పులు చాప బయట విడిచి కూర్చుంటారు. పిల్లలకు ఇష్టమైనది "దాంగో". అవి బియ్యప్పిండి ఉండలు. మన ఉండ్రాళ్ళను పుల్లకు గుచ్చినట్టుంటాయి. హనమి నాడు తినే పుల్లకు గులాబి, తెలుపు, ఆకుపచ్చ రంగులలో మూడు ఉండలుంటాయి. పువ్వుల మాట మరిచి తిండి మీద పడే వాళ్ళను చూసి, "వీడికి పువ్వులకన్న దాంగోయే ముద్దు" అని పెద్దవాళ్ళు నవ్వుతారు. అది జపానులో పాత సామెత.

రాత్రి పూట చెట్లకు దీపాలు వేస్తారు. అప్పుడు అగడ్త నీటిలో మరొక పూలతోట కనిపిస్తుంది. పగలు పడవలు అద్దెకు తీసుకుని, కొమ్మల కిందుగా తెడ్లు వేసుకుంటూ పోవచ్చు.

అయితే ఈ సంబరం ఎన్నాళ్ళు? నిండు పూత వచ్చాక వారం రోజులు నిలిస్తే గొప్ప. గాలివాన వస్తే అంతకన్న ముందే అయిపోతుంది. పోయేముందు పువ్వు నడిమి భాగం కాస్త ఎర్రబడుతుంది. అది చూసి, ఇది ఇక రాలుతుందని చెప్పవచ్చు. రాలిన రేకులు అగడ్తలో పడి, నీళ్ళు కనిపించకుండా కమ్ముకుంటాయి. గాలికి ఆ గులాబి పొర మెల్లగా కదులుతూ ఉంటుంది. దీన్ని "పూల తెప్ప" అంటారు. పువ్వులు పోయాయని విచారించవలసిన వాళ్ళు, ఈ తెప్పను చూడటానికి మళ్ళీ వస్తారు!

ఈ తోట ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. 1715లో ఒక ఉద్యోగి రాజధాని అయిన క్యోటో నుంచి ఇరవై అయిదు చెర్రీ మొక్కలు తెప్పించి కోటలో నాటించాడు. అప్పట్లో కోట సామాన్యులు అడుగు పెట్టే చోటు కాదు. 1871లో ప్రభువుల పాలన పోయింది. కోటను పట్టించుకునే వాళ్ళు లేక పాడుపడింది.

అది చూడలేక, 1882లో కికుచీ తతేయి అనే ఆయన వెయ్యి చెర్రీ మొక్కలు తెచ్చి కోటలో నాటాడు. ఈయన కూడా ఒకప్పుడు ప్రభువుల కొలువులో ఉన్న సామురాయి వీరుడే. కాని పాత వీరులు కొందరికి ఇది నచ్చలేదు. "మా ప్రభువుల కోట జనం కూర్చుని తిని తాగే చోటు కావాలా?" అని వాళ్ళకు కోపం వచ్చింది. చాలా మొక్కలను పీకేశారు, విరిచేశారు. కొన్ని మాత్రం బతికాయి.

1895లో కోట ప్రజలకు పార్కు అయింది. తరువాత ఉచియామా కకుయా అనే మరొకాయన పట్టుబట్టి ఇంకా వెయ్యి మొక్కలు నాటించాడు. 1918లో మొదటిసారిగా పూల ఉత్సవం జరిగింది. ఒకనాడు మొక్కలు పీకేసిన ఊళ్ళో ఇప్పుడు ఆ చెట్లంటే అందరికీ ప్రాణం.

ఈ చెట్లలో ఎక్కువ భాగం "సొమేయి యొషినో" అనే రకం. టోకియో నగరానికి పూర్వం ఎదో అని పేరు. ఆ ఎదోలో సొమేయి అనే పేటలో తోటమాలులు ఈ రకాన్ని పెంచి అమ్మేవారు. దీనికొక విశేషం ఉన్నది. దీన్ని విత్తనం వేసి పెంచరు. మన దేశంలో బంగినపల్లి మామిడికి అంటు కట్టినట్టే, దీనికీ అంటు కడతారు. అంటు మొక్కకు తల్లి చెట్టు గుణాలన్నీ వస్తాయి. ఆ విధంగా జపానులో ఉన్న సొమేయి యొషినో చెట్లన్నీ ఒకే చెట్టు ముక్కలు! అందుకే ఒక తోటలోని చెట్లన్నీ, మాట్లాడుకున్నట్టుగా, ఒకేసారి పూసి ఒకేసారి రాలుస్తాయి.

కాని ఈ రకానికి ఆయుర్దాయం తక్కువ అంటారు. ఉత్తర జపానులోనే ఫుకుషిమా జిల్లాలో మిహరు అనే ఊరి దగ్గర మరొక రకం చెర్రీ చెట్టు ఉన్నది. కొమ్మలు జలపాతంలాగా కిందికి వాలే ఆ చెట్టుకు వెయ్యేళ్ళు దాటాయని చెబుతారు. సొమేయి యొషినో మాత్రం అరవయ్యేళ్ళకే ముసలిదయిపోతుందని అందరూ అనుకునేవారు. దానికి తోడు జపానులో ఒక సామెత ఉన్నది: చెర్రీ కొమ్మ నరికేవాడు మూర్ఖుడు, ఉమె చెట్టు కొమ్మ నరకనివాడూ మూర్ఖుడే! చెర్రీ కొమ్మను నరికితే ఆ గాయం సులువుగా మానదు. అక్కడి నుంచి కుళ్ళు లోపలికి పాకుతుంది. అందుచేత తోటమాలులు చెర్రీ మీద కత్తి పెట్టటానికి భయపడేవారు.

1960 ప్రాంతానికి హిరొసాకి చెట్లు కూడా ముసలివయాయి. పువ్వులు తగ్గాయి, కొమ్మలు ఎండసాగాయి. చెట్లను పోనివ్వటమా, ఏదైనా చెయ్యటమా అన్న ప్రశ్న వచ్చింది.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. హిరొసాకి ఆపిల్ పళ్ళకు పుట్టిల్లు వంటిది. 1875లో అవోమొరికి మూడంటే మూడు ఆపిల్ మొక్కలు వచ్చాయి. ఈనాడు జపానులో పండే ఆపిల్ పళ్ళలో సగానికి పైగా అవోమొరి జిల్లావే. ఈ సాగుకు మొదట నడుం కట్టిన వాళ్ళలో ముఖ్యుడెవరనుకున్నారు? చెర్రీ మొక్కలు నాటిన కికుచీ తతేయే!

ఆపిల్ రైతులు ఏటా చలికాలంలో చెట్ల కొమ్మలు కత్తిరిస్తారు. అలా చేస్తే బలహీనమైన కొమ్మలకు పోయే ఆహారం బలమైన కొమ్మలకు అందుతుంది. లోపలికి వెలుతురూ గాలీ చొరబడతాయి. కొత్త చిగుళ్ళు వస్తాయి. ఆపిల్, చెర్రీ, గులాబి—మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆపిల్‌కు మేలు చేసేది దాని చుట్టానికి ఎందుకు చెయ్యకూడదు? పార్కు పనివాళ్ళు ధైర్యం చేసి, సామెతను పక్కన పెట్టి, చెర్రీ కొమ్మలు కత్తిరించారు. కుళ్ళు పట్టకుండా గాయాలకు మందు పూశారు. ముసలి చెట్లు కొత్త చిగుళ్ళు వేశాయి!

అప్పటి నుంచి అక్కడ ఏటా ఇదే పద్ధతి. ఫిబ్రవరి, మార్చి నెలలలో, మంచు ఇంకా కరగకముందే, పనివాళ్ళు నిచ్చెనలు వేసుకుని చెట్లెక్కుతారు. ఎండు కొమ్మ ఏదో, బతికే కొమ్మ ఏదో చూసి కోస్తారు. పూత అయిపోయాక మొదళ్ళ చుట్టూ ఎరువు వేస్తారు. పూసినందుకు చెట్టుకు చెల్లించేది గనక, జపాను తోటమాలులు ఇలాంటి ఎరువును "కృతజ్ఞత ఎరువు" అంటారు. వేసవిలో పురుగు పట్టకుండా ఆకును కాపాడతారు. ఎందుకంటే వచ్చే ఏటి మొగ్గ ఈ వేసవిలోనే తయారవుతుంది.

ఈ సేవకు ఫలితం కళ్ళకు కనిపిస్తుంది. మామూలుగా ఒక్కొక్క మొగ్గలో మూడు నాలుగు పువ్వులు వస్తే, ఇక్కడ నాలుగయిదు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ కూడా వస్తాయి. నూరేళ్ళు దాటిన సొమేయి యొషినో చెట్లు ఈ పార్కులో మూడువందలకు పైగా ఉన్నాయి.

ఇప్పుడు చెట్లకు మరొక చిక్కు వచ్చింది. వేసవిలో పుట్టిన మొగ్గ చలికాలమంతా నిద్రపోతుంది. తగినంత చలి తగిలితేనే దానికి ఆ నిద్ర వదులుతుంది. తరువాత వెచ్చదనం తగిలితే విచ్చుకుంటుంది. ప్రపంచం వేడెక్కుతున్న కొద్దీ ఈ లెక్క మారుతున్నది. క్యోటోలో పూత ఎప్పుడు వచ్చిందో పాత దినచర్య పుస్తకాలలో పన్నెండు వందల ఏళ్ళుగా రాసి ఉన్నది. అప్పటిదాకా ఉన్న ఆ లెక్కలన్నిటిలోకీ ముందుగా, 2021లో మార్చి 26నే అక్కడ నిండు పూత వచ్చింది. హిరొసాకి ఉత్సవం వెనకటి రోజుల్లో ఏప్రిల్ 23న మొదలయ్యేది. ఇటీవల పూత త్వరపడుతూ ఉండటంతో ఉత్సవాన్ని కూడా ముందుకు జరపవలసి వస్తున్నది. కత్తిరించి, ఎరువు వేసి చెట్టును కాపాడవచ్చుగాని, చలికాలాన్ని తయారు చెయ్యటం తోటమాలికి సాధ్యం కాదు. అది మనుషులందరూ కలిసి ఆలోచించవలసిన విషయం.

కికుచీ తతేయి 1882లో నాటిన మొక్కలలో ఒకటి ఇప్పటికీ ఆ పార్కులో ఉన్నది. జపానులో ఉన్న సొమేయి యొషినోలలో చాలా పాతవాటిలో అదొకటి. దాన్ని నాటినవాడు లేడు. దాని తోటి మొక్కలను పీకినవాళ్ళూ లేరు. ఏటా మంచులో ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఆ చెట్టెక్కుతారు. ఏటా వసంతంలో అది పూస్తుంది. దాని కింద పిల్లలు చాప పరుచుకుని దాంగో తింటారు.