మన ఇండ్లలోని నల్ల కుట్టుమిషను

రాయవేలూరులోను, గుడియాత్తంలోను మూడు నాలుగు తరాలుగా కాపురమున్న మన తెలుగువారి ఇండ్లలో తిరగలి మూలబడ్డది, గంగాళం అటకెక్కింది గాని, కుట్టుమిషను మాత్రం చాలా చోట్ల ఇంకా కిటికీ పక్కనే ఉన్నది. నల్లని ఒళ్లు, దాని మీద వెలిసిపోయిన బంగారు లతలు, కింద పోత ఇనుప కాళ్లు. దీనిని పాత సామాన్లవానికి వేసి, మీట నొక్కితే కుట్టే కొత్త మిషను కొనరాదా అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. కొనడానికి ముందు కొంచెం ఆగి ఆలోచించవలెనని మా మనవి.

కుట్టుమిషనులోని కీలకమంతా సూది మొన దగ్గర బెజ్జం పెట్టడంలో ఉన్నది. చేతిసూదికి బెజ్జం వెనుక ఉంటుంది గదా. దానిని మొనకు తెచ్చి, పైనూలును కిందినూలుతో ముడివేసే యంత్రానికి అమెరికాలో ఎలయాస్ హోవె 1846లో పేటెంటు పొందాడు. ఐజాక్ సింగరు పేటెంటు 1851లోది. 1856 నుంచి ఆ కంపెనీవారు వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టారు. సామాన్య సంసారి ఇంటికి ఈ యంత్రం చేరింది ఆ వాయిదాల చలవవల్లనే అనవచ్చును. మన దేశంలో కలకత్తా జయ్ ఇంజనీరింగువారి ఉషా మిషను 1930ల దశకంలో బయలుదేరింది. యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీగారు సైతం సింగరు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. రామచంద్రన్ గారితో వారి సంభాషణ 1924 నవంబరులో ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. అలాంటి యంత్రాలను తయారుచేసే కర్మాగారాలు మాత్రం ప్రభుత్వం చేతిలో ఉండవలెనని కూడా వారు అన్నారు. ఆ రెండో మాట ఎవరికీ జ్ఞాపకం ఉండదు!

పాత మిషను గొప్ప ఏమంటే, దానిలో దాపరికం లేదు. పలక జరిపితే షటిల్ కనబడుతుంది, బాబిన్ కేసు కనబడుతుంది, బట్టను ముందుకు నెట్టే పళ్లు కనబడతవి. కుట్టు వదులైతే టెన్షన్ మర బిగిస్తాము. నూలు తెగితే సూది మారుస్తాము. సింగరు పదిహేనో నంబరు మాదిరిని జపానువారు, మనవారు కూడా అనుసరించినందున, ఆ తరహా మిషన్లకు బాబిన్లు, బాబిన్ కేసులు బజారులో ఈనాటికీ దొరుకుతున్నవి. ఆ సూదే నేటి కొత్త ఇంటి మిషన్లలో చాలావాటికి కూడా సరిపోతుంది. ఆ మిషన్లు చేసిన స్కాట్లండు క్లైడుబ్యాంకు కర్మాగారం 1980లో మూతబడ్డది. కర్మాగారం పోయినా మిషను ఆగలేదు.

ఎలెక్ట్రానిక్ మిషను సంగతి వేరు. 1975లో సింగరువారే ‘ఎథీనా 2000’ అనే మొదటి ఎలెక్ట్రానిక్ మిషనును తెచ్చారు. అందులో కుట్టును నడిపేది లోపలి సర్క్యూటు పలక. మా వీధిలో జాకెట్లు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తున్న ఒక అక్క, చీటీ ఎత్తి అలాంటిది కొన్నది. రెండేండ్లు బాగానే పనిచేసి, ఒకనాడు దీపం వెలిగీ ఆరీ నిలిచిపోయింది. అమ్మిన అంగడివారు (పేరెందుకు గాని) పలక మార్చవలె, పై ఊరినుంచి రావలె అన్నారు. సరిగ్గా ఆడిమాసం పోయి పెండ్లిళ్ల పని వచ్చిపడే రోజులు. చేతికందిన జాకెట్టు గుడ్డలన్నీ మూటగట్టి పక్క వీధికి పంపవలసి వచ్చింది. ఒకసారి పోయిన వాడుక మళ్లీ రాబట్టుకోవడం ఎంత కష్టమో సంపాదించేవారికే తెలుసు. చివరకు అక్క అటకమీది అత్తగారి మిషను దించి, కిరసనాయిలు పోసి తిప్పి, తుడిచి, మిషను నూనె వేసింది. ఆ సాయంత్రానికే టకటకమని శబ్దం మా ఇంటికి వినబడింది.

కరెంటు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2012లో మద్రాసు మినహా మన జిల్లాలలో రోజుకు పది గంటలకు పైగా కరెంటు లేని రోజులున్నవి. అప్పుడు ఆగకుండా కుట్టినవి కాలితో తొక్కే మిషన్లే. గుడియాత్తం లుంగీల ఊరు గదా. నేసిన లుంగీ రెండు అంచులను కలిపి మూట్టడానికి కావలసింది ఒక్క నిలువు కుట్టు. దానికి ఇరవై రకాల పువ్వుల కుట్లెందుకు?

అయితే కొత్తదానిని తిట్టడం మా ఉద్దేశం కాదు. గుండీ కాజాలు, జిగ్‌జాగు, ఎంబ్రాయిడరీ పాత నల్లమిషనుతో మామూలుగా కావు. మోకాళ్ల నొప్పులున్నవారికి పెడలు శిక్షే. అలాంటివారు పాత మిషనుకే చిన్న మోటారు బిగించుకోవచ్చును. అలంకారపు పని మీదే బ్రతికేవారు కొత్తది కొనవలసిందే. పాతదానిని మాత్రం అమ్మరాదు.

అమ్మించే మాటలు చాలా వస్తవి. 2009లో సౌదీ అరేబియాలో, పాత సింగరు మిషన్లలో ‘ఎర్ర పాదరసం’ ఉన్నదని పుకారు పుట్టి, జనం వేలాది రియాళ్లు పోసి కొన్నారు. అంతా బూటకం! ఈమధ్య మరో వేలంవెర్రి: ఇనుప కాళ్లను విడదీసి, పైన గాజు పలక వేసి, హోటళ్లలో మేజాబల్లలుగా పెడుతున్నారు. పనిచేసే మిషను కాళ్లు విరిచి కాఫీ తాగడం మాకు నచ్చదు.

పాతది కొనేవారు ముందు చక్రాన్ని చేతితో తిప్పి చూడవలె. ఎక్కడా పట్టకుండా తిరగవలె. షటిల్ అంచును గోటితో తడిమితే గరుకు తగలరాదు. తరువాత రెండు మడతల లుంగీ గుడ్డ మీద కుట్టించి, అడుగున చూడవలె. పైన ఎలా ఉన్నదో కిందా అలాగే ఉంటే బేరం చేయవచ్చును. కొబ్బరినూనె మాత్రం ఎన్నడూ వేయరాదు. అది జిగురుకట్టి పట్టేస్తుంది. తోలు బెల్టు సాగితే కొత్తది కొననక్కరలేదు. అరంగుళం కోసి, మళ్లీ కొక్కెం తగిలిస్తే సరి.