పాఠ్యభాగం – 9: టెలిహ్యాండ్లర్ ఆపరేటర్ – శిక్షణ, ధ్రువీకరణ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 యంత్రం – పని తీరు
9.3 యంత్రం ఎందుకు బోల్తా పడుతుంది?
9.4 కొండ ప్రాంతంలో ప్రత్యేక జాగ్రత్తలు
9.5 శిక్షణ, ధ్రువీకరణ
9.6 సారాంశం
9.7 మాదిరి ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• టెలిహ్యాండ్లర్ పని తీరును వివరించగలుగుతారు.
• బరువుకు, దూరానికి గల సంబంధాన్ని లెక్కించగలుగుతారు.
• లైసెన్సుకు, నైపుణ్య ధ్రువపత్రానికి గల తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి పనులు, కొత్తవలస–కోరాపుట్ రైలు మార్గం డబ్లింగ్ పనులు మన్యానికి పెద్ద యంత్రాలను తెచ్చాయి. యంత్రంతో పాటు ఆపరేటరు మైదాన ప్రాంతం నుంచి వస్తాడు. స్థానిక యువకుడికి సాధారణంగా దొరికేది హెల్పర్ పని. అతడు ఆపరేటరు పక్కన నిలబడి, చూసి, భోజన విరామంలో ఒకసారి లీవర్ పట్టుకుని నేర్చుకుంటాడు. చేతికి పని వస్తుంది కాని కాగితం రాదు. కాగితం లేనందువల్ల కూలి పెరగదు. చూసి నేర్చుకున్నదానిలో ప్రాణాపాయానికి దారి తీసే లోపాలు కూడా ఉండవచ్చు. ఈ రెండు సమస్యలనూ ఇక్కడ పరిశీలిద్దాం.

9.2 యంత్రం – పని తీరు

మన ఊళ్లలో మట్టి తవ్వే ప్రతి యంత్రాన్నీ 'జేసీబీ' అనీ, 'ప్రొక్లెయినర్' అనీ పిలుస్తారు. రెండూ కంపెనీల పేర్ల నుంచి వచ్చిన మాటలే. టెలిహ్యాండ్లర్ వీటికి భిన్నమైనది. దీని పని తవ్వడం కాదు, ఎత్తి అందించడం. ట్రాక్టరును పోలిన నాలుగు చక్రాల బండి మీద, ఒకదానిలో ఒకటి ఇమిడి ముందుకు సాగే బూమ్ ఉంటుంది. దాని చివర ఫోర్కులు, బకెట్, కొక్కెం వంటివి తగిలిస్తారు. ఇటుకలు, సిమెంటు బస్తాలు, ఇనుప ఊచలు పై అంతస్తుకు అందించడానికి ఇది అనువైనది. ఫోర్క్‌లిఫ్ట్ నిటారుగా మాత్రమే ఎత్తుతుంది. టెలిహ్యాండ్లర్ ఎత్తుతూనే ముందుకు కూడా చాపగలదు. దాని ఉపయోగం, దాని ప్రమాదం రెండూ ఈ చాపడంలోనే ఉన్నాయి.

9.3 యంత్రం ఎందుకు బోల్తా పడుతుంది?

కావడి మోసిన వారికి ఈ సూత్రం తెలుసు. బరువు మారకపోయినా, అది భుజానికి దూరం జరిగిన కొద్దీ కావడి అటువైపు ఒరుగుతుంది. ఇక్కడ భుజం స్థానంలో ముందు చక్రాల ఇరుసు ఉంటుంది.

ఉదాహరణ: యంత్రం బరువు 7,000 కిలోలు, దాని గరిమనాభి ముందు ఇరుసుకు 1.5 మీటర్లు వెనక ఉందనుకుందాం. యంత్రాన్ని నిలబెట్టే శక్తి 7,000 × 1.5 = 10,500. ఇప్పుడు 2,000 కిలోల బరువు ఎత్తారు.

• ఇరుసుకు 2 మీటర్ల దూరంలో: 2,000 × 2 = 4,000
• 5 మీటర్ల దూరంలో: 2,000 × 5 = 10,000
• 6 మీటర్ల దూరంలో: 2,000 × 6 = 12,000

ఆరో మీటరు దగ్గర యంత్రం ముందుకు బోల్తా పడుతుంది. ఐదో మీటరు దగ్గర కూడా క్షేమమని భావించవద్దు. బూమ్ చాపినప్పుడు దాని సొంత బరువు కూడా ముందుకు జరుగుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే ఊపు తోడవుతుంది. అందుకే తయారీదారులు ఏ ఎత్తులో, ఎంత దూరంలో, ఎంత బరువు ఎత్తవచ్చో చూపే లోడ్ చార్టును క్యాబిన్‌లో ఉంచుతారు. 'నిన్న ఎత్తింది కదా' అన్న మాట లోడ్ చార్టుకు ప్రత్యామ్నాయం కాదు. చూసి నేర్చుకున్నవారు తరచు వదిలేసే పాఠం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
పై యంత్రంతో 1,500 కిలోల బరువును 4 మీటర్ల దూరంలో పట్టుకుంటే వచ్చే విలువ ఎంత? (జవాబు: 6,000)

9.4 కొండ ప్రాంతంలో ప్రత్యేక జాగ్రత్తలు

లోడ్ చార్టు సమతలమైన, గట్టి నేలకు వర్తిస్తుంది. ఘాట్ రోడ్డు అంచున ఈ రెండూ అరుదు.

(అ) పక్కవాలు: యంత్రం పక్కకు 5 డిగ్రీలు ఒరిగి ఉంటే, 10 మీటర్ల ఎత్తులోని బరువు సుమారు 87 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. కాబట్టి ముందు యంత్రాన్ని సమతలం చేసి, తరవాతే బూమ్ ఎత్తాలి.
(ఆ) మెత్తని నేల: వానలకు నానిన ఎర్రమట్టి, కొత్తగా పోసిన గట్టు పైకి గట్టిగా కనిపించినా చక్రం కింద కుంగవచ్చు. అంచుకు దూరంగా నిలపాలి.
(ఇ) ప్రయాణం: బూమ్ దించి, లోపలికి ముడిచి నడపాలి. బరువుతో ఉన్నప్పుడు బరువు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. అంటే ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్సులో నడపాలి.
(ఈ) మనుషులు: ఫోర్కుల మీద మనిషిని నిలబెట్టి ఎత్తరాదు. ఎత్తిన బరువు కింద ఎవరినీ ఉండనీయరాదు.

9.5 శిక్షణ, ధ్రువీకరణ

రోడ్డు మీద నడపడానికి కావలసినది 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్సు. బూమ్ నడిపే నైపుణ్యాన్ని అది నిరూపించదు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల 1998 నాటి కేంద్ర నియమావళి, బరువులెత్తే యంత్రం నడిపే వ్యక్తికి 18 ఏళ్లు నిండి ఉండాలనీ, పనిలో సమర్థత ఉండాలనీ, వైద్య పరీక్షలు జరగాలనీ యజమానిపై బాధ్యత పెట్టింది.

నైపుణ్య ధ్రువపత్రాలకు ఆధారం 2013లో ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం. నిర్మాణ యంత్రాల రంగంలో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ అర్హతలను రూపొందిస్తుంది. ఇప్పటికే పని వచ్చినవారికి 'పూర్వ అభ్యసన గుర్తింపు' అనే మార్గం ఉంది. దీనిలో ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. హెల్పరుగా ఏళ్లు గడిపిన యువకుడికి ఇది ముఖ్యమైన దారి.

బ్రిటన్‌లో సి.పి.సి.ఎస్. పథకం మొదట రెండేళ్ల ఎర్ర కార్డు ఇచ్చి, పని స్థలంలో సామర్థ్యం నిరూపించాకే నీలి కార్డు ఇస్తుంది. అమెరికాలో కనీసం మూడేళ్లకొకసారి ఆపరేటరును తిరిగి మదింపు చేయాలి. అంటే ధ్రువపత్రం ఒకసారి సంపాదించి దాచుకునేది కాదు.

శిక్షణలో చేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ధ్రువపత్రం మీద ఏ యంత్రం పేరు ఉంటుంది? యంత్రం మీద ఎన్ని గంటల సాధన ఇస్తారు? పరీక్ష పెట్టేది శిక్షణ ఇచ్చినవారేనా, వేరే సంస్థా? బ్యాక్‌హో లోడర్ ధ్రువపత్రం టెలిహ్యాండ్లర్‌కు చెల్లదని గుర్తుంచుకోండి.

9.6 సారాంశం

టెలిహ్యాండ్లర్ భద్రత బరువు మీద మాత్రమే కాక దూరం, ఎత్తు, నేల మీద కూడా ఆధారపడి ఉంటుంది. లైసెన్సు, నైపుణ్య ధ్రువపత్రం వేర్వేరు. అనుభవం ఉన్నవారు దాన్ని పరీక్షకు పెట్టి గుర్తింపు పొందవచ్చు. చార్టు ఒప్పుకోని బరువును 'ఎత్తను' అని చెప్పగలగడం కూడా ఆపరేటరు నైపుణ్యంలో భాగమే.

9.7 మాదిరి ప్రశ్నలు

1. బూమ్ చాపిన కొద్దీ ఎత్తగల బరువు ఎందుకు తగ్గుతుంది? ఉదాహరణతో వివరించండి.
2. కొండ ప్రాంతంలో ఆపరేటరు తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.
3. మీ ప్రాంతంలోని ఒక నిర్మాణ స్థలాన్ని పరిశీలించి, అక్కడి ఆపరేటర్లు పని ఎలా నేర్చుకున్నారో ఒక పుటలో రాయండి.