మీకు తెలుసా? లేని పళ్లే ఇంజిన్‌కు గుర్తు!

కారు ఇంజిన్‌లో ఏ క్షణాన స్పార్క్ పడాలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఎలా తెలుసుకుంటుంది? క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రాన్ని చూసి. ఆ చక్రంలో అసలు కబురు చెప్పేవి కావాలని వదిలేసిన పళ్లు.

బాష్ మోట్రోనిక్ ఇంజిన్ కంట్రోల్ ఉన్న కార్లలో కనిపించే 60-2 చక్రంలో 60 పళ్లకు చోటుంటుంది, పళ్లు మాత్రం 58. అంటే 6 డిగ్రీలకో పన్ను. సెన్సర్ ముందు నుంచి పన్ను దాటినప్పుడల్లా ఒక పల్స్ వెళ్తుంది. ఒక పల్స్‌కూ మరో పల్స్‌కూ మధ్య పట్టిన సమయాన్ని ఈసీయూ కొలుస్తూ ఉంటుంది. అది హఠాత్తుగా మూడింతలైందంటే ఖాళీ వచ్చినట్టే. అక్కడి నుంచి పళ్లు లెక్కపెడుతుంది. ఫోర్డ్ ఇగ్నిషన్ వ్యవస్థ ఈడిస్ వాడిన 36-1 చక్రంలో లేనిది ఒక్క పన్నే కనుక వ్యవధి రెండింతలే అవుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ ప్రతి కంప్రెషన్ దగ్గరా నెమ్మదించి మళ్లీ వేగం అందుకుంటుంది. పళ్ల మధ్య సమయం ఎలాగూ ఒకేలా ఉండదు. అలాంటప్పుడు ఖాళీ ఎంత పెద్దదైతే దాన్ని గుర్తుపట్టడం అంత సులువు.

ఇందులో ఎంత కచ్చితత్వం కావాలో చూడండి. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది దాదాపు 28 మైక్రోసెకన్లు!

అయినా క్రాంక్ చక్రం సగం సంగతే చెబుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక ఆవృత్తి పూర్తవడానికి క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. పిస్టన్ పైకి చేరింది సరే, అది కంప్రెషన్ చివరా, ఎగ్జాస్ట్ చివరా? వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కనుక దాని మీద ఒక్క పన్నున్నా జవాబు దొరుకుతుంది. ఏ సిలిండర్‌కు ఆ సిలిండర్ వంతు ప్రకారం పెట్రోలు చిమ్మాలంటే ఇది తెలిసి తీరాలి. తెలియకపోతే రెండు సిలిండర్లలో ఒకేసారి స్పార్క్ వేస్తారు. ఒకటి పనికొస్తుంది, రెండోది వృథా.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది మన రోడ్ల మీది సింగిల్ సిలిండర్ ఇంజెక్షన్ బైకుల పద్ధతి. చాలావాటికి క్యామ్ సెన్సరే ఉండదు. ఇన్‌టేక్ స్ట్రోక్‌లో మానిఫోల్డ్ ఒత్తిడి పడిపోవడాన్ని గమనించి ఇంజిన్ ఏ చుట్టులో ఉందో తేల్చుకోవచ్చు.

మెగాస్క్వర్ట్, స్పీడుయినో లాంటి ఈసీయూలను సొంతంగా బిగించుకునేవారు ఒకటి చూసుకోవాలి. అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే వీఆర్ సెన్సర్‌కు రెండు సిగ్నల్ వైర్లుంటాయి. అవి తారుమారైనా ఇంజిన్ స్టార్ట్ కావచ్చు, కానీ వేగం పెరిగేకొద్దీ టైమింగ్ జరిగిపోతుంది. ఈసీయూలో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర కట్టేసి, టైమింగ్ లైట్ పెట్టి రేస్ ఇవ్వండి. పుల్లీ మీది మార్కు కదిలిపోతుంటే ఇగ్నిషన్ మ్యాప్ జోలికి వెళ్లకముందే ఆ రెండు వైర్లూ చూడాలి.