తాగుడు ముందా, దిగులు ముందా?



"మనసు బాగాలేకే తాగుతున్నాను" అంటాడు భర్త. "తాగబట్టే మనసు పాడయింది" అంటుంది భార్య. ఈ తగవు తెగదు. ఎందుకంటే ఇద్దరు చెప్పేదీ నిజమే.

మన మెదడులో పనిని తొందరపెట్టే రసాయనం గ్లూటమేట్, నెమ్మదింపజేసేది గాబా. మద్యం గ్లూటమేట్‌ను అణచి, గాబాకు బలమిస్తుంది. హుషారు కలిగించే డోపమైన్‌ను కాసేపు పెంచుతుంది. అందుకే మొదట్లో హాయి. రోజూ తాగుతుంటే మెదడు ఊరుకుంటుందా? తక్కెడ సరిచేసుకోవడానికి గ్లూటమేట్ జోరు పెంచుకుంటుంది. ఇక మత్తు దిగితే చాలు, వణుకు, నిద్రలేమి, దిగులు. పిల్లల ముద్దుమాటలు కూడా రుచించవు. ఆ దిగులు పోవడానికి మళ్లీ సీసా!

రెండు పనులు మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగేవారిచేత ఒట్టు వేయించి, ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్సు, సంధి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు కనిపెట్టి ఉండాలి. అలాగే ఆయనకు తెలియకుండా చారులో డైసల్ఫిరామ్ మాత్ర కలపకండి. దానిమీద మద్యం పడితే బి.పి. పడిపోయి మనిషే దక్కకపోవచ్చు.

తాగుడు మానిన మూడు నాలుగు వారాలకు చాలామందిలో దిగులు తగ్గుతుంది. తగ్గకపోయినా, తాగుడుకు ముందునుంచే ఉన్నా, అది డిప్రెషన్ అనే వేరే జబ్బు. అప్పుడు రెండింటికీ కలిపే వైద్యం చేయించాలి.

మందులతోపాటు మాటల వైద్యమూ ఉంది. అందులో తిట్లుండవు. ఎందుకు మానాలో ఆయనచేతనే చెప్పిస్తారు. ఏ వేళకు, ఎవరితో, ఏ ఆలోచన వచ్చినప్పుడు చెయ్యి సీసా మీదికి పోతుందో రాయిస్తారు. ఆ వేళకు నడకో, మరో పనో అలవాటు చేస్తారు. గోవాలో డాక్టర్లు కానివారికే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్నవారితోనూ, మితిమీరి తాగే మగవారితోనూ విడివిడిగా ఇలా మాట్లాడించి చూశారు. మామూలు వైద్యానికి ఈ మాటలు తోడయినచోట ఎక్కువమంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

"చచ్చిపోతాను" అని తాగి అన్నా సరే, వాగుడని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నెంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆయన రానంటే ముందు మీరే మాట్లాడండి. వైద్యం మీతోనే మొదలుకావచ్చు.